మైకులో మా ఇంటావిడ

బస్సు డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
సోమవారం

పెద్దలు అమ్మగారికి,

నమస్కారాలు. నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. మాస్టారు చనిపోయిన వారంలో నేను ఖాకీ యూనిఫాంలో వచ్చి మీ గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తుంటే, మీరు మంచినీళ్ల గ్లాసు చేతిలో పెట్టి, "ముందు తాగు, తర్వాత ఏడుద్దువుగాని" అన్నారు. ఆ ఏడుపుగొట్టుదాన్ని నేనే. ఇప్పుడు సిటీ బస్సు నడుపుతున్నాను. మోకాలు దెబ్బతినక ముందు సైకిల్ పందేల్లో ఉండేదాన్ని. నన్ను సైకిలెక్కించిందీ, పడితే లేపిందీ, లేవనని మొరాయిస్తే తిట్టిందీ అంతా మాస్టారే.

మీకు ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసి రిటైరైన మనిషి. మాకు ఆదివారం మాస్టారు. పొద్దున సిమెంటు ట్రాకు మీద మాకు తొక్కడం నేర్పేవారు, మధ్యాహ్నం నుంచి పందేలకు మైకు పట్టుకునేవారు. మైకులో ఒక్కరినీ అసలు పేరుతో పిలిచేవారు కాదు. పాలు పోసే కుర్రాడు 'చిక్కటి పాలు', దర్జీ గారబ్బాయి 'కత్తెర', ఎప్పుడూ అందరికంటే వెనక వచ్చే లైబ్రరీ గుమస్తా 'నిదానం గారు'. ఆ నిదానం గారు గీత దాటేదాకా మాస్టారు మైకు కింద పెట్టేవారు కాదు. "గెలిచినవాడు కాళ్లు చాపుకుని కాఫీ తాగుతున్నాడు, అసలు పందెం ఇక్కడుంది చూడండి" అనేవారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు. గెలిచినవాడికి కూడా అన్ని చప్పట్లు పడేవి కావు. నేను 'తూనీగ'ని. మలుపులో ఎక్కడ వాలతానో నాకే తెలియదుట.

అసలు సంగతికి వస్తాను. వానలు తగ్గాక మాస్టారి జ్ఞాపకంగా ఒక పందెం పెట్టాలని క్లబ్బు వాళ్లు అనుకుంటున్నారు. మైకు నన్ను పట్టుకోమన్నారు. బస్సులో "లోపలికి జరగండి" అనడం తప్ప నాకు జనంతో మాట్లాడ్డం రాదు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని. అయినా కాదనలేకపోయాను. మోకాలు పోయాక అందరూ నన్ను చూసి అయ్యో అని పక్కకి తప్పుకుంటుంటే, మాస్టారు మైకు గదిలో తన పక్కన కుర్చీ వేయించి, "కాళ్లతో పనేముంది, కళ్లున్నాయిగా, ఎవరు ముందున్నారో చెప్పు" అన్నారు. ఆ కుర్చీ లేకపోతే నేను ఏమైపోయేదాన్నో తెలియదు.

మీ అనుమతి కావాలి. మీరు కూడా తప్పకుండా రావాలి. ముందు వరసలో మీకు కుర్చీ వేస్తాం. మీతో మాట్లాడాలని అందరికీ ఎంత ఆశో! మాట్లాడలేదన్న మాటే గాని మీరు మాకందరికీ బాగా తెలుసు. మీరు దొంగ చేత కొళాయి బాగుచేయించిన కథ, సైకిలు నేర్చుకోబోయి పక్కింటివాళ్ల దుప్పటి చుట్టుకుని తిరిగొచ్చిన కథ మా ట్రాకులో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
తూనీగ


మా ఇల్లు, ముందు గది
గురువారం

సైకిల్ క్లబ్బు డ్రైవరమ్మకు,

మీ ఉత్తరం చదివాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. ఏ దొంగ? ఏ కొళాయి?

నేను బతుకంతా లెక్కలు చెప్పిన టీచర్ని. నా క్లాసులో పెన్సిలు కింద పడితే చివరి బెంచీకి వినిపించేది. అటువంటిదాన్ని నా మొగుడు మైకు పెట్టి మరీ నవ్వులపాలు చేశాడన్నమాట. ఇన్నేళ్లూ కూరల బజారులో ముక్కూమొహం తెలియనివాళ్లు నన్ను చూసి ముసిముసిగా ఎందుకు నవ్వుతున్నారో ఇప్పుడు తెలిసింది. నా చీర వెనక ఏదైనా అంటుకుందేమోనని ఎన్నిసార్లు దులుపుకున్నానో.

ముందు తప్పు దిద్దుతాను. వచ్చినవాడు దొంగ కాదు. ఎదురింటివాళ్ల బావమరిది. ఇల్లు తప్పి మా ఇంట్లోకి వచ్చాడు. నేను కొళాయి బాగుచేసే మనిషి అనుకుని పానా చేతికిచ్చాను. పాపం మొహమాటస్థుడు, కాదని చెప్పలేక తిప్పాడు. కొళాయి బాగుపడలేదు సరికదా, ఉన్న పిడి కాస్తా ఊడి చేతికొచ్చింది. మీ మాస్టారు అప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పేపరు ఎందుకు వణికిందో నాకు అప్పుడు తట్టలేదు.

దుప్పటి సంగతి నా నోటితో నేను ఎవరికీ చెప్పలేదు. నా తోడబుట్టిన చెల్లెలికి కూడా తెలియదు.

ఇక మీకు తెలియనిది ఒకటి నేను చెబుతాను. మీ మాస్టారు ఇంట్లో మాట్లాడేవాడు కాదు. ప్రెస్సులో మిషన్ల హోరులో సైగలు అలవాటై, ఆ సైగలే ఇంటికి తెచ్చాడు. కప్పు పట్టినట్టు చెయ్యి పెడితే కాఫీ. చెవి దగ్గర వేలు తిప్పితే రేడియో తగ్గించు. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే తర్వాత. శుక్రవారం నుంచే ఆదివారానికి గొంతు దాచుకునేవాడు. ఉప్పునీళ్లు పుక్కిలించడం, ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లరు. ఆదివారం బొంగురుపోయి వచ్చేవాడు. ఆ బొంగురు తగ్గడానికి సగం వారం. మిగిలినదాంట్లో నా వాటా ఎంతో మీరే లెక్క కట్టుకోండి. ఇంట్లో మూగనోము, వీధిలో మైకు! ఇక్కడ నేను గోడలతో మాట్లాడుకుంటుంటే, అక్కడ ఆయన నా గురించి ఊరందరితో మాట్లాడాడు.

మైకు మీరు పట్టుకోండి. నాకేమీ అభ్యంతరం లేదు. నేను రాను. నా ఊసు మైకులో ఒక్క ముక్క వినిపించకూడదు. ఫోన్ కూడా చెయ్యొద్దు. ఫోన్లో నేను ముందు అరిచి తర్వాత ఆలోచిస్తాను. కాగితం మీదైతే కాస్త నయం.

ఇట్లు,
రిటైర్డు లెక్కల టీచరు


బస్సు డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
శనివారం

పెద్దలు అమ్మగారికి,

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కేశాను. పెద్ద మనసుతో క్షమించండి. మీకు తెలియదని నాకు కలలో కూడా తట్టలేదు. మాస్టారు మైకులో మీ గురించి చెప్పి, ఇంటికెళ్లి "ఇవాళ ఇలా చెప్పాను" అని మీతో కూడా నవ్వుతారనే అనుకునేవాళ్లం. ఆయన ఇంట్లో మాట్లాడరంటే, మీరు రాశారు కాబట్టి నమ్ముతున్నాను గాని, ఇక్కడ ఎవరికి చెప్పినా నన్నే పిచ్చిదాన్ని అంటారు.

మిమ్మల్ని చూసి ఎవరూ వెక్కిరింపుగా నవ్వలేదమ్మా. మా అమ్మ కాస్త భయస్థురాలు. ఇంటి ఓనరుతోనో, ఆస్పత్రిలోనో గట్టిగా అడగాల్సి వస్తే, "మాస్టారి ఇంటావిడైతే ఊరుకుంటుందా?" అని తనకి తనే చెప్పుకుని వెళ్తుంది. మీ పేరు చెప్పుకుని మా ఇంటి పైకప్పు కారడం ఆగింది.

కానీ నాకొక చిక్కుంది. మీ కబుర్లు లేకుండా నేను మైకు పట్టుకోలేను. ఎందుకో అడక్కండి. తొక్కేవాళ్లలో మాకు మాకు ఒక కట్టుబాటు ఉంది. అది ట్రాకు దాటి బయటికి పోకూడదు. ముఖ్యంగా ఇంట్లోవాళ్లకు తెలియకూడదు. మాస్టారి దగ్గర చేరిన మొదటి రోజే అందరం ఒప్పుకున్న మాట అది.

ఆ మొదటి రోజు మాకు సైకిలు ఇవ్వలేదు తెలుసా? గడ్డిలో పాత పరుపొకటి పరిచి, "తొక్కడం తర్వాత సంగతి, ముందు పడటం నేర్చుకోండి" అన్నారు. పొద్దస్తమానం పడ్డాం. భుజం మీద ఎలా దొర్లాలి, చెయ్యి ఎలా ముడుచుకోవాలి, పడ్డాక దెబ్బ వంక ఎందుకు చూసుకోకూడదు. ఇంటికెళ్తే మా అమ్మ, "సైకిలు నేర్చుకుంటానని వెళ్లి మట్టిలో పొర్లాడొచ్చావేమే" అంది.

ఒక్క కథ చాలు. కొళాయి కథ, మీరు చెప్పినట్టే, దొంగ లేకుండా చెబుతాను. అది కూడా అవసరమైతేనే. దయచేసి కాదనకండి.

ఇట్లు,
తూనీగ


మా ఇల్లు, ముందు గది
బుధవారం

డ్రైవరమ్మకు,

ఎందుకో అడక్కండి అని రాశారు. నా క్లాసులో ఏ పిల్లయినా ఆ మాట అంటే గోడకుర్చీ వేయించేదాన్ని. కట్టుబాటట! మొగుణ్ణి పోగొట్టుకున్నదానికి చెప్పకూడని కట్టుబాటు మొగుడి శిష్యులకుందిట. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

మీ అమ్మగారి సంగతి చదివినప్పుడు మాత్రం కాస్త నవ్వొచ్చింది. ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి.

ఇప్పుడు రాయబోయేది నేనెవరికీ చెప్పలేదు. మీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు. ఆయన చనిపోయిన ఆదివారం పొద్దున నేను ఆయన్ని అడిగాను. "రిటైరయ్యావు, పిల్లలా లేరు, ఉన్నది మనిద్దరం. ఒక్క రోజైనా నా దగ్గర కూర్చుని నాలుగు మాటలు మాట్లాడొచ్చుగా? నేనేమైనా కుర్చీనా, బల్లనా?" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. ఆయన ఉప్పునీళ్ల గ్లాసు కింద పెట్టాడు. మఫ్లరు సర్దుకున్నాడు. నా వంక చూసి, అరచెయ్యి అటూ ఇటూ ఊపాడు. తర్వాత అని.

సాయంత్రం కబురొచ్చింది. పందేలన్నీ అయ్యాక మైకు గదిలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడని. ఆఖరి మాట కూడా మీకే దక్కింది. నాకు దక్కింది చెయ్యి ఊపడం.

అందుకే నాకు మీ ట్రాకంటే ఒళ్లుమంట. నన్ను చూసి నవ్వారని కాదు. నా దగ్గర లేని మాటలు అక్కడ అన్ని ఉన్నాయని. కారణం చెబితే చదువుతాను, లేకపోతే ఇక నాకు రాయకండి. పందెం రోజుకు మా చెల్లెలి ఊరికి రైలు టిక్కెట్టు కొనుక్కున్నాను.

ఇట్లు,
టీచరు


బస్సు డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
ఆదివారం

అత్తయ్యా,

అలా పిలిచినందుకు కోప్పడితే కోప్పడండి. మీ ఉత్తరం చదివాక అమ్మగారూ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. కట్టుబాటు తప్పుతున్నాను. కత్తెరని, నిదానం గారిని అడిగాను. "ఆవిడకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాం" అన్నారు.

ట్రాకుకు అవతలి మలుపు ఒకటుంది. స్టాండుల్లో కూర్చున్నవాళ్లకు కనిపించదు, స్కోరు బోర్డు అడ్డం. మైకు గదిలోంచి మాత్రం కనిపిస్తుంది. అక్కడ ఎవరైనా పడ్డారని మైకులో చెబితే ఇంకేమైనా ఉందా? స్టాండుల్లో ఉన్న తల్లిదండ్రులంతా మా పిల్లే, మా పిల్లాడే అంటూ ట్రాకు మీదికి దూకుతారు. సైకిళ్లింకా తిరుగుతూనే ఉంటాయి. మాకంటే ముందువాళ్ల కాలంలో అలాగే దూకిన ఒక తండ్రిని సైకిళ్లు గుద్దేశాయిట. పడిన కొడుకు లేచి నడిచాడు, తండ్రి ఆర్నెల్లు మంచం మీద ఉన్నాడు.

అప్పటినుంచి మాస్టారు పడ్డారని చెప్పడం మానేశారు. దానికి బదులు, "మొన్న మా ఇంటావిడ ఏం చేసిందంటే" అని మొదలుపెట్టేవారు. ఆ మాట చెవిన పడిందంటే తొక్కేవాళ్లకు అర్థమైపోయేది. ముందు ఎవరో పడ్డారు, వేగం తగ్గించు, ట్రాకు పై అంచు గీతకు జరుగు. ప్రథమ చికిత్స డేరాలో ఉన్నవాళ్లు స్ట్రెచరు పట్టుకుని పరిగెత్తేవాళ్లు. జనం మాత్రం హాయిగా నవ్వుకుంటూ కూర్చునేవాళ్లు. పడినవాళ్లు డేరాలోకి చేరేదాకా కథ ఆగేది కాదు. అందుకే అన్ని అబద్ధాలు అత్తయ్యా. ఎదురింటి బావమరిది దొంగ అయ్యాడంటే, ఆ రోజు స్ట్రెచరు రావడం ఆలస్యమైందన్నమాట.

మోకాలు పోయిన రోజు నేను ఆ మలుపులో పడి ఉన్నాను. దెబ్బ వంక చూడొద్దని నేర్పారు కదా, ఆకాశం వంక చూస్తున్నాను. లౌడ్‌స్పీకర్లో మీరు సైకిలు నేర్చుకుంటున్నారు. "బ్రేకు ఎక్కడుందో చెప్పావు గాని ఎప్పుడు వెయ్యాలో చెప్పావా?" అని మాస్టారిని తిడుతున్నారు. నొప్పికి అరుస్తున్నాను, మధ్యలో నవ్వొస్తోంది. దుప్పటి ఎవరిదో తెలిసేదాకా స్పృహ తప్పకూడదని పళ్లు బిగబట్టుకున్నాను. అవతల స్టాండులో మా అమ్మ అదే కథకు పడీపడీ నవ్వుతోందిట. నన్ను డేరాలో పడుకోబెట్టి కట్టు కట్టాకే మాస్టారు మనిషిని పంపి, అమ్మని నెమ్మదిగా పిలిపించారు.

ఇంట్లోవాళ్లకు తెలిస్తే ఆ మాట వినగానే గుండెలు బాదుకుంటారు. ఇక అది ఎందుకూ పనికిరాదు. అందుకే ఎవరికీ చెప్పం. మీకు మాస్టారు ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు.

ఆఖరి మాట సంగతి మీరు అడగలేదు. అయినా చెబుతాను. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను, కత్తెరని అడిగి తెలుసుకున్నాను. నిదానం గారు గీత దాటాక, "ఇక లేవండి, ఇళ్లకు పదండి, మనకోసం ఎదురుచూసేవాళ్లున్నారు" అన్నారుట. ప్రతి ఆదివారం ఆఖరున అదే అనేవారు.

మీరు వద్దంటే ఆ కబుర్లు ఎత్తను. వేరే ఏదైనా చెబుతాను. కానీ తొక్కేవాళ్ల చెవులకు ఇంకో మాట అలవాటు లేదు.

మీ
తూనీగ


మా ఇల్లు, ముందు గది
మంగళవారం

తూనీగకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాయాలని కూర్చోవడం, లేచి ఏదో పని కల్పించుకోవడం. శుభ్రంగా ఉన్న అలమరా రెండుసార్లు సర్దాను.

మొదట నవ్వే వచ్చింది. ఊళ్లో ఎవరి ఎముక విరిగినా ఈ మనిషికి నేనే గుర్తొచ్చానన్నమాట! తర్వాత దుప్పటి రోజు గుర్తొచ్చింది. దాంట్లో ఆయన మీకు చెప్పనిది ఒకటుంది. ఆ రోజు నా మణికట్టు విరిగింది.

పెళ్లయిన కొత్త. నాకు సైకిలు నేర్పాలని ఆయనకు సరదా. మా వీధి పల్లంగా ఉంటుంది. వెనక సీటు పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడనే అనుకున్నాను, ఎప్పుడో వదిలేశాడు. బట్టల తాడు తెంపుకుని, దుప్పటితో సహా వెళ్లి గోడకు కొట్టుకున్నాను. ఆయన వచ్చి మట్టిలో నా పక్కన కూలబడ్డాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇక మొదలుపెట్టాడు చూడు! వాళ్లమ్మ నడిరోడ్డు మీద గొడుగు అడ్డం పెట్టి బస్సు ఆపిన కథ. నన్ను లేవదీస్తూ చెప్పాడు, రిక్షాలో చెప్పాడు, డాక్టరు గది బయట చెప్పాడు. "నా చెయ్యి విరిగి నేనేడుస్తుంటే నీకు కబుర్లెలా తోస్తున్నాయయ్యా, నోరు ముయ్యి" అని తిట్టాను. ముయ్యలేదు. డాక్టరు కట్టు కట్టడం పూర్తయ్యాకే ఆపాడు.

జీవితంలో ఆయన నాతో అంతసేపు మాట్లాడింది ఆ ఒక్క రోజే. కొత్త పెళ్లాం కదా అని మాట్లాడాడనుకున్నాను. భయపడి మాట్లాడాడని ఇన్నేళ్లకు తెలిసింది. నేను నోరు ముయ్యమన్నాననే ఇంట్లో మూశాడో ఏమో, అది అడగడానికి మనిషి లేడు.

చెప్పుకో తల్లీ. కొళాయి కథ చెప్పు, దుప్పటి కథ చెప్పు. షరతు ఒకటే, ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆ బావమరిది మంచివాడు, దొంగని చెయ్యకు.

నేను వచ్చే సంగతి మాత్రం అడక్కు. అక్కడికొచ్చి, ఆయన లేని గదివంక చూస్తూ కూర్చోవడం నా వల్ల అవుతుందని అనుకోను. టిక్కెట్టు ఇంకా నా దగ్గరే ఉంది.

టీచరత్తయ్య


బస్సు డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
పందెం మర్నాడు

అత్తయ్యా,

పందెం అయిపోయింది. ముందు వరసలో మీ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. క్లబ్బు ప్రెసిడెంటు కూర్చోబోతే కత్తెర చెయ్యి పట్టుకుని లేపేశాడు. సాయంత్రం దాకా చూశాను. ఖాళీగానే ఉంది. మీరు రాలేనని ముందే రాశారు కదా, నాకు కోపం లేదు. చెల్లెలుగారి ఊళ్లో కులాసాగా ఉన్నారని తలుస్తాను.

భయపడినంతా అయింది. ఆడపిల్లల పందెంలో అవతలి మలుపులో ఒక అమ్మాయి పడింది. కొత్త పిల్ల, వాళ్లమ్మ స్టాండులో నా కళ్లెదురుగానే కూర్చుని ఉంది. మైకు రెండు చేతులా పట్టుకుని, "మా మాస్టారి ఇంటావిడ ఒకసారి ఏం చేసిందంటే" అన్నాను. అంతే, సైకిళ్లన్నీ ఒక్కసారి పై గీతకు జరిగిపోయాయి. ఆ పిల్లని ఎవరూ తాకలేదు. నాకు ఏడుపొచ్చేసింది, మైకులో వినపడకుండా మింగేశాను.

షరతు తప్పాను అత్తయ్యా. మొదట బావమరిదే వచ్చాడు. పిల్లని కదపడానికి వీల్లేక స్ట్రెచరు అక్కడే ఆగింది. బావమరిది దొంగయ్యాడు. ఇంకా ఆగింది. దొంగకు ఒక ముఠా వచ్చింది. ఆఖరికి మీరు ముఠా మొత్తం చేత గోడకుర్చీ వేయించారు. తిట్టాలనుకుంటే తిట్టండి.

మీ
తూనీగ


మా ఇల్లు, ముందు గది
శుక్రవారం

ఒసే తూనీగా,

నేను మా చెల్లెలి ఊరెళ్లానని నీకెవరు చెప్పారు?

ఆ పొద్దున సంచి సర్దుకుని స్టేషనుకని బయల్దేరినదాన్ని, ట్రాకు వైపు వెళ్లే బస్సెక్కాను. ఎందుకెక్కానని అడక్కు. తప్పు స్టాపులో దిగి, ఎండలో నడిచి నడిచి, వెనక గేటు దగ్గర తేలాను. అక్కడ నర్సమ్మాయి నా వాలకం చూసి, "గుండె దడగా ఉందా అమ్మా?" అంటూ నేను కాదంటున్నా వినకుండా డేరాలోకి లాక్కెళ్లి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆ ఎదురింటి బావమరిది అవస్థేమిటో నాకప్పుడు తెలిసింది. కుర్చీ దాకా రాలేదంటే అదీ కారణం. రావాలని కూడా అనిపించలేదు. డేరాలోంచి మైకు గది కనిపించదు, గొంతు మాత్రం వినిపిస్తుంది. నాకు అదే బాగుంది.

నువ్వు నా ఊసు ఎత్తగానే నర్సు వంక చూశాను. ఎవరో పడ్డారని ఆ మూల మొత్తంలో నర్సు తర్వాత నాకే తెలిసి ఉంటుంది. కాసేపటికి ఆ పిల్లని తెచ్చారు. మెడ దగ్గర ఎముక విరిగింది. "అమ్మా, అమ్మా" అని ఒకటే ఏడుపు. నర్సు కట్టు కట్టబోతే కదిలిపోతోంది. నేను లేచి వెళ్లి దాని చెయ్యి పట్టుకున్నాను. ఏం చెప్పాలో నాకు తోచలేదు. పైన నువ్వు వాగుతూనే ఉన్నావు. ముఠా వచ్చింది. ఏడుస్తున్న పిల్ల వినడం మొదలుపెట్టింది. ముఠా గోడకుర్చీ దగ్గర ఫక్కున నవ్వి, నొప్పికి మళ్లీ కెవ్వుమంది. కాస్త తేరుకుని, "అవ్వా, ఆవిడ నిజంగా ఉందా, ఊరికే చెబుతారా?" అని నన్ను అడిగింది.

"ఉంది, నేనే" అన్నాను.

"పోండి. ఆవిడ చాలా గట్టిదిట, మీరు ఏడుస్తున్నారు" అంది.

ఏడుస్తున్నానని అది చెప్పేదాకా నాకు తెలియదు. అప్పుడే నర్సు కట్టు బిగించబోతే మళ్లీ కదిలింది. "కదలకు!" అని నా క్లాసు గొంతుతో ఒక్కటేశాను. పిల్ల బిగుసుకుపోయింది. నర్సు కూడా బిగుసుకుపోయింది. బయట సోడా అమ్మేవాడు కూడా ఆగిపోయి ఉంటాడు. పిల్ల కళ్లింత చేసుకుని, "అమ్మో, మీరే!" అంది. ఆ కాసేపట్లో నర్సు కట్టు కట్టేసింది. తర్వాత ఆ పిల్ల వాళ్లమ్మ వచ్చేదాకా నేనే కబుర్లు చెప్పాను. ఆయన మఫ్లరు గురించి, ఉప్పునీళ్ల గురించి, పేపరు వెనక నవ్వడం గురించి. ఇంకా ఉన్నాయా అంటుంది. నోరు తెరిస్తే నా దగ్గర అన్ని ఉన్నాయని నాకే తెలియదు. నాతో ఎవరూ మాట్లాడలేదని ఏడ్చానే గాని, ఆయన్ని గురించి నేనూ ఎవరితో ఒక్క మంచి ముక్క చెప్పలేదు.

అలాగని ఆయన మీద కోపం పూర్తిగా పోయిందనుకోకు. ఆ కబుర్లలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, భోజనాల దగ్గర నాకు చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? పడితే గాని మాట్లాడడని తెలిసుంటే నేను రోజుకోసారి పడేదాన్ని.

ఆయన లేకుండా నాకు ఏమీ తోచడం లేదే అమ్మాయ్. పొద్దున లేస్తే ఇల్లు నిశ్శబ్దంగా ఉంటోంది. ఇదివరకూ నిశ్శబ్దమే, కానీ దాంట్లో ఆయన ఉండేవాడు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

డ్యూటీ లేని రోజు చూసుకుని రా. మీ అమ్మగారిని కూడా తీసుకురా. మైకులో ఆయన నా గురించి చెప్పినవన్నీ మొదటినుంచి చెప్పు. దొంగలుంటే ఉండనీ, ముఠాలుంటే ఉండనీ. నేనేమీ దిద్దను.

అత్తయ్య